ఇన్‌టేక్‌లో ఆయిల్ ఎందుకు చేరుతుంది, ఎలా అరికట్టాలి: క్రాంక్‌కేస్ వెంటిలేషన్‌పై సమగ్ర మార్గదర్శి

థ్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) వచ్చే గాలి పైపు ఊడదీసి లోపల వేలు పెడితే నల్లటి జిడ్డు అంటుకుంటుంది. అది చూడగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఇంజిన్ బోరుకొచ్చిందేమో, టర్బో పోయిందేమో అని భయపడతారు. ఇంకొందరు అన్ని బండ్లకూ ఉండేదే కదా అని పైపు తుడిచి బిగించేస్తారు. నా దృష్టిలో రెండూ తొందరపాటే. ఇన్‌టేక్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, పల్చటి ఆయిల్ పొర దాదాపు ప్రతి ఇంజిన్‌లోనూ ఉంటుంది. ఆ ఆయిల్ ఎంత ఉంది, ఏ భాగంలో ఉంది, ఎంత త్వరగా పెరుగుతోంది అన్నవి తేలితేనే అది మామూలు విషయమో జబ్బు లక్షణమో తెలుస్తుంది.

అందుకే ఈ పని ఒక వరుసలో చేయాలి. ముందు కారణం కనుక్కోవాలి, తర్వాత దాన్ని సరిచేయాలి, ఆ తర్వాతే శుభ్రం చేయాలి. క్యాచ్ క్యాన్ (ఈ ఆయిల్‌ను మధ్యలో పట్టి ఉంచే డబ్బా) లాంటి అదనపు సామాను గురించి ఆఖర్లో ఆలోచించాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. క్యాన్ కొనడంతో మొదలుపెట్టి, అది నిండిపోతుంటే అప్పుడు కారణం వెతుకుతారు.

ఆయిల్ అక్కడికి చేరే దారి

సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే వాయువుల్లో కొంత భాగం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, అంటే క్రాంక్‌షాఫ్ట్ తిరిగే అడుగు గది అయిన క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. కొత్త ఇంజిన్‌లో కూడా ఇది ఉంటుంది, ఎందుకంటే రింగు కొనల మధ్య కొంచెం ఖాళీ ఉండి తీరాలి. ఈ వాయువులో కాలని ఇంధనం, నీటి ఆవిరి, మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో కొద్ది వంతు కిందికి జారినా చల్లని ఇంజిన్‌లో ఆయిల్‌తో కలిసి తెల్లటి నురగలా పేరుకుంటుంది.

కింద వేగంగా తిరుగుతున్న క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంటుంది. బ్లో-బై వాయువు ఆ తుంపరలోంచి బయటికి వస్తూ కొంత ఆయిల్‌ను మోసుకొస్తుంది. బయటికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్లను, గ్యాస్కెట్లను నెట్టేస్తుంది.

పాత రోజుల్లో ఈ వాయువును ఒక పైపు ద్వారా నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. కార్ల నుంచి వెలువడే హైడ్రోకార్బన్లలో దీని వాటా చిన్నది కాదని తేలాక, 1961లో కాలిఫోర్నియా పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్‌ను తప్పనిసరి చేసింది. అక్కడ అమ్మే అమెరికా తయారీ కార్లకు 1963 నుంచి అది అమల్లోకి వచ్చింది. పీసీవీ అని మనం పిలుస్తున్నది దీన్నే. వాయువును బయటికి వదలకుండా ఇన్‌టేక్‌లోకి మళ్లించి, ఇంజిన్‌లోనే కాల్చేయడం దీని పని.

పెట్రోల్ ఇంజిన్‌లో దీనికి రెండు పైపులు ఉంటాయి. ఒకటి ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉన్న గాలి పైపు నుంచి వాల్వ్ కవర్‌కి (ఇంజిన్ పై మూత) వెళ్తుంది. ఇది శుభ్రమైన గాలిని లోపలికి పంపుతుంది. రెండోది పీసీవీ వాల్వ్ మీదుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు) వెళ్తుంది. ఇది మురికి వాయువును లాగుతుంది. వాల్వ్ లోపల ఒక స్ప్రింగు, ఒక చిన్న ప్లంజర్ ఉంటాయి. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్, అంటే లాగుడు, బాగా ఎక్కువ కాబట్టి ప్లంజర్ గట్టిగా లాగబడి దారిని చాలావరకు మూస్తుంది. రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు వాక్యూమ్ కాస్త తగ్గి దారి తెరుచుకుంటుంది. మానిఫోల్డ్‌లో బ్యాక్‌ఫైర్ వస్తే మంట క్రాంక్‌కేస్‌కి చేరకుండా పూర్తిగా మూసుకుంటుంది.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు, బ్లో-బై మాత్రం అప్పుడే ఎక్కువ. పీసీవీ వాల్వ్ ఒక్కటీ దాన్ని మోయలేదు. మిగిలింది శుభ్రమైన గాలి రావాల్సిన పైపులోంచి వెనక్కి తన్ని గాలి పైపులోకి, థ్రాటిల్ మీదికి వస్తుంది. థ్రాటిల్‌కి ముందే ఆయిల్ కనిపించడానికి కారణం ఇదే. వేడి ఆవిరి చల్లని పైపు గోడ తగలగానే, మరిగే నీటి గిన్నె మూత లోపల చుక్కలు పట్టినట్టు, ఆయిల్ అక్కడ పేరుకుంటుంది.

మీ ఇంజిన్ ఏ రకమో ముందు తెలుసుకోండి

పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం ఇన్‌టేక్ వాల్వ్‌ల వెనుక భాగం మీద చిమ్ముతుంది. అది వాల్వ్‌లను కడుగుతూ ఉంటుంది కాబట్టి కొద్దిపాటి ఆయిల్ వల్ల పెద్ద నష్టం ఉండదు. ఈ రకం ఇంజిన్‌లో పల్చటి పొర కనిపిస్తే కంగారు అక్కర్లేదు.

డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంధనం నేరుగా సిలిండర్‌లో పడుతుంది. వాల్వ్‌ల వెనుక భాగాన్ని కడిగేది ఏదీ లేదు. ఆయిల్ ఆవిరి వేడి వాల్వ్ మీద పడి మాడి, పొర మీద పొరగా గట్టి మసి అవుతుంది. కొన్నేళ్లకు గాలి వెళ్లే దారి ఇరుకై, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మిస్ అవడం, పికప్ తగ్గడం మొదలవుతాయి. ట్యాంకులో పోసే ఏ క్లీనరూ ఆ వాల్వ్‌ల వెనక్కి చేరదు. ఈ సమస్యను తగ్గించే ఒక మార్గం రెండు రకాల ఇంజెక్టర్లనూ వాడటం. టయోటా డీ-4ఎస్ ఇంజిన్లు అలాంటివే.

టర్బో పెట్రోల్‌లో బూస్ట్ వచ్చినప్పుడు, అంటే టర్బో గాలిని ఒత్తి పంపినప్పుడు, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పోయి ఒత్తిడి వస్తుంది. అప్పుడు మానిఫోల్డ్ వైపు చెక్ వాల్వ్ (ఒకే దిశలో వదిలే వాల్వ్) మూసుకుని, వాయువు టర్బో ముందున్న పైపులోకి మళ్లుతుంది. అందుకే ఆయిల్ టర్బో కంప్రెసర్ దాటి ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచే భాగం) అడుగున చేరుతుంది. ఆ చెక్ వాల్వ్ పాడైతే బూస్ట్ ఒత్తిడి తిన్నగా క్రాంక్‌కేస్‌లోకి దూరుతుంది. చిన్న భాగమే అయినా చేసే నష్టం పెద్దది.

డీజిల్‌లో ఆయిల్‌కి తోడు ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి ఉంటుంది. రెండూ కలిస్తే తారు లాంటి ముద్ద తయారై మానిఫోల్డ్ దారిని సగానికి సగం మూసేసిన సందర్భాలు ఉంటాయి.

మొదటి పని: లెవెల్, ఖర్చు, క్యాప్

బండిని చదునైన చోట ఆపి, మాన్యువల్‌లో చెప్పిన సమయం ఆగి, డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి తుంపర పెంచుతుంది. అదనపు ఆయిల్ తీసేయడంతోనే సమస్య తీరిపోయే బండ్లు ఉన్నాయి. డీజిల్‌లో లెవెల్ దానంతట అదే పెరుగుతుంటే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండ్లలో ఇది తరచూ జరుగుతుంది.

ఆయిల్ ఖర్చును కొలవండి. పై గీత వరకు పోసి, ఓడోమీటర్ రాసుకుని, 1,000 కి.మీ. తర్వాత అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ చూడండి. మళ్లీ పై గీత చేరడానికి ఎంత పోశారో కొలపాత్రతో చూసి రాయండి. 1,000 కి.మీ.కి అర లీటరు వరకు పర్వాలేదని కొందరు తయారీదారులు మాన్యువల్‌లోనే రాస్తారు. ఆ హద్దు ఉదారమైనదే. కానీ ఖర్చు నెలనెలా పెరుగుతోందా, స్థిరంగా ఉందా అన్నదే నేను ఎక్కువగా పట్టించుకుంటాను.

ఆయిల్ క్యాప్ లోపల తెల్లటి మీగడ లాంటిది కనిపిస్తే వెంటనే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుకోవద్దు. చల్లని వాతావరణంలో చిన్న చిన్న దూరాలే తిరిగే బండ్లలో అది మామూలే. కూలెంట్ తగ్గుతుంటేనో, డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాల రంగులో ఉంటేనో అప్పుడు అనుమానించండి.

రెండో పని: పైపుల పటం గీసుకోండి

కాగితం మీద ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్, మానిఫోల్డ్, వాల్వ్ కవర్, టర్బో ఉంటే టర్బో, ఈ భాగాలను గీసి వాటి మధ్య ఏ పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో గుర్తించండి. విడదీసే ముందు ఫోటోలు తీయండి. పైపులను చేత్తో నొక్కి చూడండి. ఆయిల్‌లో నానిన రబ్బరు మెత్తబడి, గాలి లాగినప్పుడు లోపలికి ముడుచుకుపోతుంది. వేడికి ఎండిన ప్లాస్టిక్ పైపు పట్టుకోగానే పెళుసుగా విరుగుతుంది. పైపు మలుపుల అడుగుభాగం ప్రత్యేకంగా చూడండి, చీలికలు అక్కడే దాక్కుంటాయి. ఈ పని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

మూడో పని: పీసీవీ వాల్వ్ పరీక్ష

వాల్వ్ విడిగా బయటికి వచ్చే రకమైతే తీసి చెవి దగ్గర ఊపండి. లోపలి ప్లంజర్ కదిలే చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే ఇరుక్కుపోయినట్టే. అయితే చప్పుడు వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు. స్ప్రింగు బలహీనపడిన వాల్వ్ కూడా గలగలలాడుతుంది. వాల్వ్‌ను మానిఫోల్డ్ పైపుకి తగిలించి ఉంచి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో నడుపుతూ రెండో కొస మీద వేలు పెట్టండి. స్పష్టమైన లాగుడు తెలియాలి, వేలితో మూయగానే లోపల టక్‌మని కొట్టుకోవాలి. ఫ్యాన్‌కి, బెల్టుకి చేతులూ బట్టలూ దూరంగా ఉంచండి.

అనుమానం వస్తే కడగడం కంటే మార్చడమే మేలు. దీని ఖరీదు ఇంజిన్‌లోని మిగతా భాగాలతో పోలిస్తే చాలా తక్కువ. కాకపోతే సరిగ్గా మీ ఇంజిన్‌కి చెప్పిన నంబరు వాల్వే వేయండి. చూడటానికి ఒకేలా ఉండి ఒకే రంధ్రంలో సరిపోయే రెండు వాల్వ్‌ల లోపలి దారుల కొలత, స్ప్రింగు బలం వేరుగా ఉండొచ్చు. ఎక్కువ వదిలే వాల్వ్ వేస్తే ఆయిల్ లాగడం పెరుగుతుంది, తక్కువ వదిలేది వేస్తే ఒత్తిడి పెరుగుతుంది.

చాలా కొత్త ఇంజిన్లలో విడి వాల్వ్ ఉండదు. వాల్వ్ కవర్‌లోనే ఒక రబ్బరు డయాఫ్రమ్ (ఒత్తిడికి కదిలే పల్చటి పొర), ఆయిల్‌ను వేరుచేసే గదులు ఉంటాయి. డయాఫ్రమ్ చిరిగితే ఈల వేసినట్టు సన్నని మోత వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ క్యాప్ తీయడం కష్టమవుతుంది. ఐడ్లింగ్ ఊగుతుంది. స్కానర్‌లో పీ0171, పీ0174 లాంటి లీన్ కోడ్‌లు (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని చెప్పేవి) పడతాయి. ఈ కోడ్‌లు చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేవాళ్లున్నారు. ముందు డయాఫ్రమ్ చూడండి.

నాలుగో పని: క్రాంక్‌కేస్ ఒత్తిడి కొలవండి

ఈ మొత్తం ప్రక్రియలో ఎక్కువమంది వదిలేసేది, ఎక్కువ విషయం చెప్పేది ఈ పరీక్షే.

మొదట కాగితంతో చూడండి. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ క్యాప్ తీసి, రంధ్రం కన్నా బాగా పెద్దదైన మందపాటి కాగితాన్ని దాని మీద పెట్టండి. పెట్రోల్ ఇంజిన్‌లో కాగితం మెల్లగా అంటుకోవాలి. తేలిపోతూ ఉంటే శుభ్రమైన గాలి పైపును కాసేపు నొక్కి పట్టి మళ్లీ చూడండి, ఇప్పుడైనా లోపలికి లాగాలి. అప్పటికీ కాగితాన్ని పైకి నెట్టేస్తుంటే పీసీవీ దారి మూసుకుపోయిందో, బ్లో-బై మితిమీరిందో తేల్చాలి. కాగితాన్ని చింపేంత బలంగా లాగుతుంటే డయాఫ్రమ్ చిరిగింది.

కచ్చితమైన కొలతకు పారదర్శకమైన పైపును ఆంగ్ల యూ అక్షరం ఆకారంలో పలకకు బిగించి, సగం వరకు రంగు నీళ్లు పోయండి. ఒక కొసను డిప్‌స్టిక్ గొట్టానికి గాలి చొరబడకుండా తగిలించండి, రెండో కొస తెరిచి ఉంచండి. రెండు వైపుల నీటి మట్టాల తేడా ఎన్ని సెంటీమీటర్లో అదే కొలత. ఒక సెంటీమీటరు నీరు సుమారు ఒక మిల్లీబార్‌కి సమానం. కాగితం పరీక్షలో బలమైన లాగుడు కనిపించిన ఇంజిన్‌కి మాత్రం ఈ నీటి పైపు తగిలించవద్దు. మానిఫోల్డ్‌లోని పూర్తి వాక్యూమ్ కొన్ని మీటర్ల నీటిని లాగగలదు, ఆ నీళ్లన్నీ ఇంజిన్‌లోకి పోతాయి.

ఐడ్లింగ్‌లో పెట్రోల్ ఇంజిన్ స్వల్ప వాక్యూమ్ చూపాలి. కొన్ని డిజైన్లలో రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది, డయాఫ్రమ్ రకాల్లో పది సెంటీమీటర్లు దాటవచ్చు. మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. ఆ తర్వాత రేస్ చేస్తూ 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి మళ్లీ చూడండి. కొలత సున్నా దాటి ఒత్తిడి వైపు స్థిరంగా పోతే అనుమానం బలపడుతుంది. డీజిల్‌లో థ్రాటిల్ వాక్యూమ్ ఉండదు కాబట్టి ఐడ్లింగ్‌లో కొద్దిగా ఒత్తిడి వైపు ఉండటం కొన్నింటిలో సహజమే. అక్కడ మాన్యువల్ అంకె లేకుండా తీర్పు చెప్పకూడదు.

ఐదో పని: ఆయిల్ ఎక్కడుందో చదవండి

ఎయిర్ ఫిల్టర్ వైపు, అంటే థ్రాటిల్‌కి ముందు మాత్రమే తడి ఎక్కువగా ఉంటే వాయువు వెనక్కి తన్నుతోంది. పీసీవీ మూసుకుపోయి ఉండాలి, లేదా బ్లో-బై దాని సామర్థ్యాన్ని మించి ఉండాలి. ఫిల్టర్ కాగితమే ఆయిల్‌తో తడిసి ఉంటే ఇది గట్టి సాక్ష్యం.

గాలి పైపు పొడిగా ఉండి, మానిఫోల్డ్‌లో పీసీవీ పైపు కలిసే చోట నుంచి తడి మొదలైతే పీసీవీ వాల్వ్ తెరుచుకున్న స్థితిలోనే ఇరుక్కుంది, లేదా వాల్వ్ కవర్ లోపలి ఆయిల్ సెపరేటర్ పనిచేయడం లేదు. సెపరేటర్ పట్టిన ఆయిల్ కిందికి దిగడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి ముద్దతో మూసుకుపోతే పట్టిన ఆయిల్ అంతా మానిఫోల్డ్‌కే పోతుంది.

టర్బో బండ్లలో చూడాల్సిన చోట్లు రెండు: కంప్రెసర్ లోపలికి వెళ్లే వైపు, బయటికి వచ్చే వైపు. రెండూ తడిగా ఉంటే ఆయిల్ బ్రీదర్ (క్రాంక్‌కేస్ వాయువు బయటికి వచ్చే పైపు) నుంచే వస్తోంది, టర్బోది తప్పు కాదు. లోపలికి వెళ్లే వైపు పొడిగా ఉండి బయటి వైపు మాత్రమే తడిసి ఉంటే టర్బో సీలు దాటి ఆయిల్ వస్తోంది. అప్పుడు కూడా వెంటనే టర్బో మార్చకండి. టర్బోలోకి ఒత్తిడితో వెళ్లిన ఆయిల్ కిందికి దిగి వచ్చేది కేవలం దాని బరువు వల్ల. క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగినా, ఆ దిగే పైపు నలిగినా, మసితో ఇరుకైనా ఆయిల్ దిగలేక సీళ్ల పక్కనుంచి కారుతుంది. బాగున్న టర్బోను తీసి కొత్తది వేసినా అది కూడా కారుతుంది, ఎందుకంటే అసలు కారణం అక్కడే ఉండిపోయింది. నాలుగో పని చేయకుండా టర్బోకి ఖర్చు పెట్టవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇన్‌టేక్ వాల్వ్ కాడ పక్కనుంచి ఆయిల్ ధార కనిపిస్తే వాల్వ్ సీళ్లు ఎండిపోయాయి. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే ఒక దఫా నీలం పొగ వచ్చి తగ్గడం దీనికి తోడు లక్షణం.

ఆరో పని: రింగుల సంగతి తేల్చండి

పీసీవీ బాగుండి, పైపులు తెరిచి ఉండి, అయినా ఒత్తిడి ఎక్కువగా ఉంటే రింగులను చూడాలి. సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో చూసే కంప్రెషన్ పరీక్ష తొలి సూచన ఇస్తుంది. లీక్-డౌన్ పరీక్ష ఇంకా స్పష్టంగా చెబుతుంది. పిస్టన్‌ను కంప్రెషన్ చివరి పైస్థానంలో నిలిపి సిలిండర్‌లోకి గాలి పంపితే ఎంత శాతం కారుతోందో మీటరు చూపిస్తుంది. సాధారణంగా 10 శాతం లోపు మంచిది, 20 శాతం దాటితే అరుగుదల ఉందని అనుకోవచ్చు. గాలి ఎక్కడి నుంచి వస్తోందో వినండి: ఆయిల్ క్యాప్ దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. గాలి ఒత్తిడికి ఇంజిన్ గిర్రున తిరగవచ్చు, క్రాంక్ బోల్టుకి స్పానర్ పెట్టి వదిలేయకండి.

రింగులు అరగకపోయినా మసితో గాడిలో అతుక్కుపోవచ్చు. ఆయిల్ చాలాకాలం మార్చని ఇంజిన్లలో ఇది ఎక్కువ. అలాంటప్పుడు మంచి ఆయిల్‌ను తక్కువ విరామాలతో మారుస్తూ ఉంటే కొంత మెరుగుపడే అవకాశం ఉంది. ఇంజిన్ దింపే నిర్ణయానికి ముందు ఆ అవకాశం ఇవ్వడం న్యాయం. సిలిండర్ గోడలు గీతలు పడి ఉంటే మాత్రం ఏ ఆయిలూ నయం చేయదు.

ఏడో పని: సరిచేశాక శుభ్రం చేయడం

పాడైన వాల్వ్, పైపులు, గ్యాస్కెట్, అవసరమైతే వాల్వ్ కవర్ మార్చాకే ఇక్కడికి రండి. శుభ్రం చేసేటప్పుడు ప్రతి భాగానికీ దానికి తగిన ద్రావకమే వాడాలి.

థ్రాటిల్ బాడీ: ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద చల్లి తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రెక్కను వేలితో బలవంతంగా తెరవకండి, లోపలి పళ్లచక్రాలు దెబ్బతింటాయి. కొన్ని రెక్కల అంచు మీద కంపెనీ వేసిన పూత ఉంటుంది, దాన్ని గీకి తీసేయవద్దు. తర్వాత ఐడ్లింగ్ తేడాగా ఉంటే మాన్యువల్‌లో చెప్పిన విధంగా థ్రాటిల్ రీలెర్న్ (రెక్క స్థానాన్ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పడం) చేయాలి.

ఎంఏఎఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది): దీనికోసమే తయారైన క్లీనర్ తప్ప ఇంకేదీ వాడవద్దు, తీగను తాకవద్దు. పూర్తిగా ఆరాకే బిగించండి.

ఇంటర్‌కూలర్: విప్పి, నిలువుగా పెట్టి ఆయిల్ కారనివ్వండి. తర్వాత డీగ్రీజర్‌తో లోపల కడిగి, శుభ్రమైన ద్రవం వచ్చేదాకా మళ్లీ మళ్లీ తొలిపి, పూర్తిగా ఆరబెట్టండి. లోపల ద్రవం మిగిలితే ఇంజిన్ దాన్ని ఒక్కసారిగా లాగేస్తుంది. డీజిల్‌లో ఇది మరీ ప్రమాదం. డీజిల్ ఇంజిన్‌కి ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్ కూడా ఇంధనమే. తాళం చెవి తీసినా ఆగకుండా వేగం పెరుగుతూ పోవచ్చు. అలా జరిగితే మాన్యువల్ గేరు బండిని పెద్ద గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఆపాలి. కుదరకపోతే గాలి వెళ్లే దారిని గట్టి పలకతో మూయాలి, చేత్తో ఎప్పుడూ కాదు.

మానిఫోల్డ్: విప్పి బయట కడగడమే సరైన పద్ధతి. మళ్లీ బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్లు వేయండి. సెన్సర్లు ముందుగా తీసి పక్కన పెట్టండి.

డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వ్‌లు: గట్టిపడిన మసికి నమ్మదగిన మార్గం వాల్‌నట్ చిప్పల పొడిని గాలి ఒత్తిడితో కొట్టడం. ఆ పొడి లోహాన్ని గీయదు, మసిని మాత్రం రాల్చేస్తుంది. ఏ సిలిండర్ మీద పని చేస్తున్నారో దాని ఇన్‌టేక్ వాల్వ్‌లు పూర్తిగా మూసుకుని ఉండాలి. క్రాంక్‌ను ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే స్పానర్‌తో తిప్పి ఒక్కో సిలిండర్‌నూ ఆ స్థానానికి తేవాలి. పొడిని వాక్యూమ్ క్లీనర్‌తో చివరి రేణువు దాకా లాగేయాలి. దీనికి తగిన నాజిల్, కంప్రెసర్ లేకపోతే అవి ఉన్న వర్క్‌షాప్‌కే అప్పగించండి.

ఇంజిన్ నడుస్తుండగా గాలి పైపులోకి చల్లే స్ప్రేల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కొత్తగా పట్టిన మెత్తటి జిడ్డును అవి కొంత కరిగిస్తాయి. ఏళ్ల తరబడి గట్టిపడిన మసిని కరిగించలేవు. పైగా పెళ్లలుగా ఊడిన మసి టర్బో రెక్కల గుండా పోవచ్చు.

ఒక హెచ్చరిక: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌ను వేడి భాగాల దగ్గర వాడవద్దు. వేడికి దాని నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

ఎనిమిదో పని: క్యాచ్ క్యాన్ అవసరమా?

వెంటిలేషన్ బాగుండి, డైరెక్ట్ ఇంజెక్షన్ లేదా టర్బో ఇంజిన్ ఉండి, బండిని ఎక్కువగా తిప్పేవారికి ఇది ఉపయోగమే. పోర్ట్ ఇంజెక్షన్ మామూలు ఇంజిన్‌కి దీని అవసరం నాకు కనిపించదు. అరిగిన రింగులకు ఇది మందు కాదు. ఆయిల్ పోవడం ఆగదు, క్యాన్‌లోకి పోతుంది, అంతే.

కొనేటప్పుడు మూత విప్పి లోపల చూడండి. ఖాళీ డబ్బా అయితే వాయువు ఒక వైపు వచ్చి మరో వైపు పోతుంది, ఆయిల్ పెద్దగా ఆగదు. దారి మలుపులు తిరిగే అడ్డు పలకలు, సన్నని లోహపు జాలీ ఉండాలి. పైపుల లోపలి వ్యాసం పాత పైపుల కన్నా తగ్గకూడదు. ఆయిల్ తట్టుకునే హోస్ వాడండి, నీళ్ల పైపు కొన్ని నెలల్లో మెత్తబడి మూసుకుపోతుంది. క్యాన్‌ను ఎగ్జాస్ట్‌కి దూరంగా, గాలి తగిలే చల్లటి చోట బిగించండి. పైపు మధ్యలో కిందికి వేలాడకూడదు, అక్కడ నీరు నిలుస్తుంది. మంచు పడే చోట్ల ఆ నీరు గడ్డకట్టి దారి మొత్తాన్ని మూసేసిన సందర్భాల్లో సీళ్లు బయటికి తన్నాయి. శీతాకాలంలో క్యాన్‌ను మరింత తరచుగా ఖాళీ చేయడమో, తీసి పాత పైపు తగిలించడమో చేయాలి.

క్యాన్ నుంచి వాయువు తిరిగి ఇన్‌టేక్‌కే వెళ్లాలి. బయటికి వదిలేస్తే చాలా చోట్ల చట్టవిరుద్ధం. ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న ఇంజిన్‌లో తెరిచి ఉంచిన మానిఫోల్డ్ దారి లెక్కలోకి రాని గాలిని లాగి ఐడ్లింగ్‌ను చెడగొడుతుంది. వారంటీ ఉన్న బండి అయితే బిగించే ముందు షరతులు చదవండి.

క్యాన్‌లో చేరేది ఆయిల్ ఒక్కటే కాదు, నీరు, పెట్రోల్, ఆమ్లాలు కలిసిన ద్రవం. దాన్ని మళ్లీ ఇంజిన్‌లో పోయవద్దు, నేల మీదో కాలువలోనో పారబోయవద్దు. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌తో పాటే ఇచ్చేయండి.

తొమ్మిదో పని: ఆయిల్ ఎంపిక, వాడకం

ఆయిల్ ఎంత తేలిగ్గా ఆవిరవుతుందో కొలిచే పరీక్ష పేరు నోయాక్. ఆయిల్‌ను 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట ఉంచి, బరువులో ఎంత శాతం పోయిందో చూస్తారు. ఐల్‌శాక్ జీఎఫ్-6 ప్రమాణంలో హద్దు 15 శాతం, యూరప్ ప్రమాణం ఏసీఈఏ ఏ3/బీ4లో 13 శాతం. మీ తయారీదారు చెప్పిన గ్రేడు, ప్రమాణం రెండూ సరిపోయే ఆయిల్‌లలో నోయాక్ అంకె తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. ఆ అంకె డబ్బా మీద ఉండదు, కంపెనీ టెక్నికల్ డేటా షీటులో ఉండవచ్చు. ఆవిరి తగ్గుతుందని గ్రేడును మీ ఇష్టానికి చిక్కగా మార్చవద్దు.

చిన్న దూరాలే తిరిగే బండిని అప్పుడప్పుడు అరగంటకు పైగా వేడి మీద నడపండి. క్రాంక్‌కేస్‌లోని నీరు, ఇంధనం ఆవిరై పోవాలంటే ఆయిల్ కూడా వేడెక్కాలి. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినా ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది.

చివరి పని: నిజంగా తగ్గిందో లేదో చూడటం

అన్నీ బిగించాక గాలి పైపులో ఒక స్పష్టమైన చోటును, వీలైతే థ్రాటిల్‌కి ముందున్న మలుపును, ద్రావకంతో పొడిగా తుడిచి ఫోటో తీయండి. టర్బో ఉంటే కంప్రెసర్‌కి రెండు వైపులా కూడా అలాగే చేయండి. 1,000 కి.మీ. తిరిగాక అదే చోట మళ్లీ విప్పి, అదే కోణంలో ఫోటో తీసి పోల్చండి. పల్చటి మెరుపు మాత్రమే ఉంటే వ్యవస్థ సరిగ్గా పనిచేస్తోంది. చుక్కలు కట్టి కారేంత తడి ఉంటే నాలుగో పనికి వెళ్లి ఒత్తిడి మళ్లీ కొలవండి, ఈసారి ఇంజిన్ లోడు మీద ఉన్నప్పుడు. ఐడ్లింగ్‌లో బయటపడని బ్లో-బై ఎత్తు ఎక్కేటప్పుడో, పూర్తి బూస్ట్‌లోనో బయటపడుతుంది. డిప్‌స్టిక్ లెవెల్‌ను కూడా అదే రోజు చూసి, మొదట రాసుకున్న అంకె పక్కనే రాయండి.